కీచురాళ్ల షెడ్డులో సెలవు లేదు

సంపాదకులకు,

పెంపుడు జంతువుల మేతకు పురుగులు పెంచడం నిన్నగాక మొన్న పుట్టిన స్టార్టప్ వ్యాపారమని, పెట్టుబడి తక్కువని మీ వ్యాసం రాసింది. రెండూ సరికావు. అమెరికాలోని లూసియానాలో ఫ్లూకర్ కుటుంబం కీచురాళ్ల ఫారం పెట్టింది 1953లో. మొదట గాలానికి ఎరగా, తర్వాత పెంపుడు బల్లులకు, తొండలకు మేతగా అమ్మకాలు పెరిగాయి.

పెట్టుబడి అంటే డబ్బొక్కటే కాదు; పని చూస్తే తెలుస్తుంది కష్టం. తడి మట్టి ట్రేల్లో ఆడ కీచురాళ్లు గుడ్లు పెడతాయి. సుమారు 30 డిగ్రీల వేడిలో రెండు వారాల్లోపే చీమంత పిల్లలు బయటికొస్తాయి. కోడిగుడ్ల అట్టల మధ్య ఆరేడు వారాలు పెంచాలి. వేడి తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. నీళ్లు లోతుగా పెడితే పిల్లలు మునిగి చస్తాయి. మేత చాలకపోతే ఒకదాన్నొకటి తింటాయి. అందుకే ఇంటిల్లిపాదీ కాపలా ఉండాలి.

వ్యాసం అసలు ముట్టుకోనిది జబ్బు. 2010 ప్రాంతంలో డెన్సోవైరస్ సోకి అమెరికా ఫారాల్లో కీచురాళ్లు కుప్పలుగా చచ్చాయి. కొందరు దివాలా తీశారు. కొందరు మొత్తం పారబోసి, షెడ్లు కడిగి, మరో జాతితో మొదలుపెట్టారు. ఈ దెబ్బ ఎలాంటిదో, జబ్బుకు పట్టుపురుగులను పోగొట్టుకున్న హిందూపురం, మదనపల్లె రైతులను అడిగినా చెబుతారు.

పెద్ద డబ్బూ రక్ష కాలేదు. భారీ పెట్టుబడులు తెచ్చుకున్న ఫ్రాన్స్ పురుగుల పెంపకం కంపెనీ ఇన్‌సెక్ట్ 2024లో కోర్టు రక్షణ కోరింది.

లాభాల లెక్క మళ్లీ వేస్తే, షెడ్డు ఖాళీగా ఉండే నెలలనూ దయచేసి అందులో కలపండి.

— ఓ పాఠకురాలు, మదనపల్లె