ఎర్రనీటి అడుగున

సముద్రం అడుగుకి దిగి చూసొచ్చినవాళ్లలో చాలామంది వయసు మళ్లాక దాదాపు ఒకే మాట చెబుతారు. తాము చూసినవి ఇప్పుడక్కడ లేవని!

వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో చేపలా తిరిగే సాధనాన్ని 1943లో ఫ్రాన్సు నౌకాదళ అధికారి జాక్ కూస్టో, ఇంజినీరు ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేశారు. మనం ఇవాళ స్కూబా డైవింగ్ అంటున్నది అక్కణ్నుంచే ఊపందుకుంది. ఆ తొలిరోజుల్లో కూస్టోకి సముద్రం ఎంత తవ్వినా తరగని గనిలాగే కనిపించింది. 1956లో వచ్చిన ఆయన సినిమా 'ది సైలెంట్ వరల్డ్'లో, ఓ చోట ఉన్న చేపల లెక్క తేల్చడానికి పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేల్చిన దృశ్యం కూడా ఉంది. ఆ సినిమాకి కేన్స్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారమూ ఆస్కారూ వచ్చాయి. పేల్చినందుకు అప్పట్లో ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదన్నమాట. అదే మనిషి తర్వాత జీవితమంతా సముద్రాన్ని కాపాడమంటూ దేశదేశాలూ తిరిగాడు. అమెరికా శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్‌దీ అదే దారి. 1970లో మహిళా పరిశోధకుల బృందానికి నాయకత్వం వహించి రెండు వారాలు నీళ్లడుగునే కాపురమున్న ఆవిడ, సముద్రం ఖాళీ అవుతున్న తీరు చూసి చివరికి చేపలు తినడమే మానేశారు. ఆ మాట కోనసీమలో ఎవరితోనైనా అంటే పాపం పెద్దావిడ అని జాలిపడతారు, అది వేరే సంగతి.

మన రాష్ట్రంలోనూ డైవర్లున్నారు. విశాఖలో రుషికొండ, మంగమారిపేట తీరాల్లో సముద్రంలోకి దిగి రాళ్ల మధ్య చేపల్ని చూసొచ్చేవాళ్లు, తెగిపోయిన వలల్నీ ప్లాస్టిక్ చెత్తనీ పైకి లాగి తెచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఫొటోలు చూస్తే అడుగున ఏం జరుగుతోందో మనకీ కాస్త తెలుస్తుంది.

అక్కణ్నుంచి తీరం వెంబడి కిందికి, కోనసీమకి వస్తే మాత్రం డైవర్‌కి పనే లేదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తాయి. వరదల రోజుల్లో ఆ మొగల దగ్గర మునిగితే ఎవరి చెయ్యి వాళ్లకే కనిపించదు. అంతా గోదారి తెచ్చిన బురద. పగడాలకి తేటగా ఉండే ఉప్పునీళ్లు కావాలి కాబట్టి ఇక్కడ పగడపు దిబ్బలూ లేవు. రంగురంగుల చేపల బొమ్మలు లేవు కాబట్టి టీవీల్లో ఈ సముద్రం కనిపించదు. కనిపించనిదాని గురించి బెంగ ఎవరికుంటుంది?

నిజానికి ఆ బురదే ఇక్కడి ఐశ్వర్యం. ఎగువన వానలు పడి జూలైలో ఎర్రనీరు దిగిందంటే దాంతోపాటే సముద్రానికి మేత దిగినట్టు. మట్టితో వచ్చే పోషకాలతో కంటికి కనిపించని నాచు పెరుగుతుంది, దాన్ని తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు. సముద్రంలో ఇలస అనిపించుకునే చేప, ఆ ఎర్రనీటికి ఎదురీది గోదారిలోకి వస్తే పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలన్నది దీని గురించే.

ఈ బురద తగ్గిపోతోంది. కృష్ణా గోదావరి డెల్టాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. 1970-79 మధ్య గోదారి ఏటా సగటున 15 కోట్ల టన్నుల మట్టిని మోసుకొస్తే, 2000-06 నాటికి అది 5.72 కోట్ల టన్నులకి పడిపోయిందట. పైన కట్టిన ఒక్కో ఆనకట్టా కొంత మట్టిని తన దగ్గరే అట్టిపెట్టుకుంటోంది. నీళ్లలో మట్టి తగ్గితే మంచిదేగా అనిపిస్తుంది వినగానే. స్కూబా డైవర్‌కైతే అది శుభవార్తే! కానీ కోనసీమలో ప్రతి గజం నేలా గోదారి తెచ్చిపోసిన ఒండ్రే. నది తెచ్చిపోస్తుంటే సముద్రం కోసుకుపోతుంటుంది. తెచ్చేది తగ్గింది, కోసేది తగ్గలేదు. 1930-65 మధ్య ఈ రెండు డెల్టాల తీరం మొత్తమ్మీద పెరిగింది. 1965 నుంచి 2008 దాకా చూస్తే 336 కిలోమీటర్ల తీరంలో 76 చదరపు కిలోమీటర్లు పోయింది. మన లెక్కలో దాదాపు 19 వేల ఎకరాలు. అంతర్వేది పల్లిపాలెంలో పోటు రోజుల్లో సముద్రం ఇళ్లమీదికి వస్తోందని కొన్నేళ్లుగా వింటున్న వార్తల వెనక ఈ లెక్క కూడా ఉంది.

అలాగని ఆనకట్టని తిట్టుకుంటే అన్యాయం. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయబట్టే కోనసీమకి మూడు కాలాలూ పచ్చదనం. ఆయన విగ్రహానికి దండ వేయని ఊరు ఇక్కడ అరుదు. వరికి వరమైన ఆ గోడే పులసకి అడ్డుగోడ అయింది. గుడ్లు పెట్టడానికి ఎగువకి పోవాల్సిన చేప అక్కడ ఆగిపోతుంది. ఆ కాస్త దూరంలోనే దానికోసం వలలన్నీ కాచుకుని ఉంటాయి. వరి చేలు పోయి రొయ్యల చెరువులయ్యాక ఆ చెరువుల నీళ్లూ మురుగు కాలువల మీదుగా చివరికి చేరేది ఆ మొగలకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్లు వేట ఆపుతున్నాయి, మంచిదే. పులస గోదారి ఎక్కేది మాత్రం ఆ తర్వాత, వరదల్లో!

1995లో డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రవేత్త ఓ సంగతి గుర్తించాడు. ప్రతి తరం తన చిన్నతనంలో చూసిందే మామూలు అనుకుంటుందట. అంతకుముందు ఎంతుండేదో దానికి తెలియదు కాబట్టి ఎంత పోయిందో కూడా తెలియదు. అమలాపురంలో ఇవాళ్టి కుర్రాడికి పులస అంటే వేలంపాటలో వేలు పలికే చేప. వాళ్ల అమ్మమ్మకి అది వానాకాలంలో బెండకాయలేసి రాత్రి వండి మర్నాడు తినే పులుసు. ఖరీదు అప్పుడూ ఎక్కువే, కానీ పేపర్లో వార్త అయ్యేంత కాదు. డైవర్ దిగి చూడలేని చోట అడుగున ఏముందో చెప్పేవి ఇలాంటి జ్ఞాపకాలే. ముసలి జాలరి ఏ నెలలో ఏ మొగ దగ్గర ఏ చేప పడేదో చెబుతాడు, అడిగి రాసుకునేవాళ్లుంటే.

ఈలోగా వానాకాలం రాగానే బజార్లోకి ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో ఇలసలు దిగుతాయి. అచ్చం అలాగే ఉంటాయి. అడిగితే ''గోదారిదేనండి బాబూ, పొద్దున్నే పడింది'' అంటాడు అమ్మేవాడు. కొనేవాడూ నమ్మేస్తాడు. ఇంట్లో పెద్దావిడ మాత్రం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చెప్పేస్తుంది, ఇది ఎర్రనీళ్లు తాగిన చేప కాదురా అని.