పొలంలో మంట, పాకలో ఆకలి

యంత్రంతో వరి కోస్తే గడ్డి పొలమంతా చెల్లాచెదురుగా పడుతోంది. పోగు చేయించే కూలి గిట్టక రైతులు నిప్పు పెడుతున్నారు. ఎండాకాలంలో అదే గడ్డిని డబ్బిచ్చి కొంటున్నారు.

పాడిగేదెకు పచ్చిమేతతోపాటు రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి కావాలి. దాణా పెంచినా ఆ లోటు తీరదు. పీచు తగ్గితే నెమరు తగ్గుతుంది, పాలలో వెన్న పడిపోతుంది. వెన్న శాతాన్ని బట్టే కదా మనకు ధర కట్టేది!

గడ్డి కాల్చిన రైతుకు జరిమానా వేస్తే సమస్య తీరదు. గడ్డి కట్టలు కట్టే బేలర్లను ప్రతి మండలంలో తక్కువ అద్దెకు ఇవ్వాలి. సబ్సిడీ పశుగ్రాస విత్తనాలు తొలకరికి ముందే రైతు చేతికందాలి. వచ్చే కోతలలోపే ఈ డిమాండ్లతో గ్రామగ్రామాన వినతిపత్రాలు ఇద్దాం.