గట్టు మీద ఆయిల్ కొలత

సెలవు రోజున తిరువళ్లూరు వీరరాఘవస్వామి దర్శనం చేసుకుని, పూండి జలాశయం చూసి, తిరుత్తణికి సాగే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. 1944లో కట్టిన ఈ జలాశయానికి 1996 నుంచి కండలేరు మీదుగా మన కృష్ణ నీళ్లు కూడా వస్తున్నాయి గనుక మనకదొక తీర్థం లాంటిది. గట్టు పక్కన బండి ఆపగానే ఇంటాయనకి బానెట్ ఎత్తి ఆయిల్ చూడాలనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

డిప్‌స్టిక్ లాగితే నిండుగా కనిపిస్తుంది. తుడిచి మళ్లీ దింపితే సగం. మూడోసారి ఒకవైపు సగం, రెండోవైపు అడుగున ఎక్కడో. ఇంతలో వెనక సీట్లోంచి "ఏమండీ, పులిహోర చల్లారిపోతోంది" అని కేక. (పులిహోర చల్లారితేనే రుచి, అది వేరే సంగతి.)

తప్పు పుల్లది కాదు. అప్పుడే ఆగిన ఇంజన్లో ఆయిల్ ఇంకా పైభాగాలకి అంటుకుని ఉంటుంది, కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు కావాలి. గొట్టం గోడలకున్న జిడ్డు పుల్లకి పూసుకుంటుంది. అందుకే రెండువైపులా చూసి తక్కువ చూపిన వైపునే నమ్మాలి. ఇక వాలు సంగతి. పూండిలో నీటి పూర్తి మట్టం 35 అడుగులని లెక్క చెబుతారు, ఆ కొలబద్ద కదలదు కాబట్టి. మన బండిలో కొలబద్ద బండితోపాటే ఒరుగుతుంది!

కొత్తగా మార్చిన ఆయిల్ తేనెరంగులో ఉండి కళ్లజోడుకి కూడా అందదు. తెల్లకాగితం మీద అద్ది చూడండి, తడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది.

"ఎర్రదీపం వెలగలేదుగా, ఆయిల్ ఉన్నట్టే" అనే ధీమా మాత్రం ప్రమాదం. చాలా బండ్లలో ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని, మట్టం తగ్గిందని కాదు. అది వెలిగేసరికే లోపల బేరింగులు దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. తిరుత్తణి కొండ ఎక్కుతుండగా వెలిగితే వీలైన చోట వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యాలి. ఇంకొక్క మలుపే కదా అనుకోకూడదు.

అలాగని భయపడి గుమ్మరించకూడదు కూడా. రెండు గుర్తుల మధ్య తేడా చాలా కార్లలో దాదాపు ఒక లీటరే. మరీ ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని మజ్జిగలా చిలుకుతుంది, ఆ నురగతో ఇంజన్‌కి రక్షణ ఉండదు. బంకు కుర్రాడు పుల్లని సగమే దింపి "ఆయిల్ తక్కువుంది సార్" అంటే, మీరే దిగి ఇంకోసారి చూడండి.

వేడి మీద చూడాలా, చల్లారాక చూడాలా అన్నది బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దానిదే తుదిమాట. కొన్ని కొత్త కార్లకి అసలు పుల్లే లేదు, తెర మీద చూసుకోవాలి. తక్కినవాళ్లు బయల్దేరేముందే ఇంటి దగ్గర చదునైన చోట చూసుకోవడం మేలు. డిక్కీలో ఒక పాత నూలుగుడ్డ కూడా పడేసుకోండి, అమ్మాయి చున్నీ అడగాల్సిన పని లేకుండా.