వివాహబంధము – పౌరసత్వపు వాయిదాలు

భర్త యే రాజ్యపు ప్రజయో భార్యయు నా రాజ్యపు ప్రజయే యని పూర్వపు చట్టములు శాసించుచుండెను. ఆమె యిష్టము నెవ్వరును అడిగినవారు కారు. 1914 నాటి బ్రిటిషు చట్టము ప్రకారము బ్రిటిషు ప్రజను పెండ్లాడిన పరదేశపు స్త్రీ పెండ్లినాటినుండియే బ్రిటిషు ప్రజగా నెంచబడెడిది. 1907 నాటి అమెరికా చట్టము పరదేశీయుని వరించిన అమెరికను స్త్రీ పౌరసత్వమును హరించినది.

ఈ శాసనముల బాధ మనవారికి గూడ దగిలినది. హైందవులు శ్వేతజాతీయులు కారనియు, గావున అమెరికా పౌరసత్వమునకు దగరనియు 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అంతకు ముందటి యేట, అనగా 1922లో, వివాహిత స్త్రీలకు స్వంత పౌరసత్వము నొసగుచు జేసిన చట్టము, పౌరసత్వమునకు దగనివారిని పెండ్లాడిన స్త్రీలకు మాత్రము ఆ రక్షణ నీయలేదు. అమెరికాలో బుట్టిన మేరీ దాసు, భారతస్వాతంత్ర్యమునకై పాటుపడిన తారకనాథ దాసును వరించిన కారణమున తన జన్మదేశమునందే పరదేశిగా నెంచబడెను. ఈ యన్యాయము 1931లో సవరణ పొందెను. మనవారికి పౌరసత్వద్వారము తెరచుటకు 1946 వరకు బట్టినది. ఇట్టి యవమానము నెరిగిన జాతి, తన గడపలోనికి వచ్చినవారియెడ నెట్లు వర్తించుచున్నదో యించుక విచారించుట మనకు విధి.

స్వతంత్రభారతము 1955లో పౌరసత్వచట్టమును జేసినపుడు, భారతపౌరులను వివాహమాడిన, లేక యొకప్పుడు వివాహమాడియుండిన స్త్రీలు అర్జీపై పౌరులుగా నమోదు కావచ్చునని యైదవ విభాగమున వ్రాసికొన్నది. కోరినవారికే పౌరసత్వము, కోరనివారిపై రుద్దుట లేదు. ఇది మెచ్చదగిన మార్పు. 1986 నాటి సవరణ పురుషులకు గూడ నీ హక్కు నిచ్చి, అయిదేండ్ల నివాసమును నియమించెను. 2003 నాటి సవరణ చట్టము ఆ కాలమును ఏడేండ్లకు బెంచెను. అర్జీకి ముందటి పండ్రెండు నెలలు ఎడతెగక దేశముననే యుండవలెను. అంతకు ముందటి యెనిమిదేండ్లలో ఆరేండ్లకు దక్కువ గాకుండ ఇచ్చట నివసించియుండవలెను.

ఈ లెక్క కాగితముమీద సులభము. పదునొకండవ నెలలో పుట్టినింట తల్లి మరణశయ్యపై నున్నదని వార్త వచ్చిన కోడలి గతి యేమి? ప్రత్యేక పరిస్థితులలో మొత్తముమీద ముప్పది దినముల వరకు మినహాయింపవచ్చునని 2015లో సవరణ జేసిరి. అది కొంత మేలు. అయినను ఆ మినహాయింపు ప్రభుత్వమువారి యనుగ్రహమే కాని యర్జీదారు హక్కు కాదు. తల్లిని జూడబోవుటయా, పౌరసత్వమునకై వేచియుండుటయా యని యా స్త్రీ తూచుకొనవలసి వచ్చుట మనకు శోభ గాదు.

ఇక తిరుగుళ్ల మాట. అర్జీని నేడు ఇంటినుండియే ఆన్‌లైనున బంపవచ్చునన్నది నిజమే. విదేశీయుల నమోదు పనులకు సైత మిట్టి వసతి 2018 నుండి కలదు. కాని కాగితము కంప్యూటరులో బోయినంత మాత్రమున మనిషి తిరుగుట తప్పలేదు. అసలు పత్రములు చూపుటకు, విచారణకు, తుదకు విధేయతాప్రమాణము చేయుటకు స్వయముగా హాజరు కావలెను. కలెక్టరు తన నివేదికతో అర్జీని రాష్ట్రప్రభుత్వమునకును, వారు కేంద్ర హోంశాఖకును బంపవలెను. పౌరసత్వ మిచ్చుట కంగీకారమైన పిమ్మట, పూర్వదేశపు పౌరసత్వమును వదలుకొన్నట్లు రుజువు చూపవలెను. ఆ పత్ర మిచ్చు రాయబార కార్యాలయములు ఢిల్లీలో నున్నవి. శ్రీకాకుళము జిల్లాలోని యొక పల్లెనుండి రైలులో ఢిల్లీ చేరుటకు వేయి మైళ్లకు పైబడిన ప్రయాణము. చంటిబిడ్డ నెత్తుకొని, మగని కూలి పోగొట్టి, అంతదూరము వెళ్లినవారితో ‘ఇంకొక కాగితము కావలెను, మరల రండు’ అని చెప్పుట యొక్క నిమిషపు పని. ఆ నిమిషమునకు మూల్యము చెల్లించునది యర్జీదారు.

ప్రభుత్వము విచారణ చేయరాదని మే మనుట లేదు. కపటవివాహములు లోకమున లేకపోలేదు. దేశరక్షణ గూడ నుపేక్షింపదగినది కాదు. ప్రతిరాజ్యమును పరీక్షించియే పౌరసత్వ మిచ్చును. అమెరికాలో స్థిరనివాసపు హక్కు పొంది, పౌరుడైన భర్తతో గాని భార్యతో గాని మూడేండ్లు కాపురము చేసినవారు అర్జీ పెట్టవచ్చును. వేలిముద్రలకు, ముఖాముఖి పరీక్షకు, ప్రమాణమునకు అచ్చటను వాయిదాలు కలవు, నిరీక్షణయు గలదు. మన తెలుగువా రనేకులు దాని నెరుగుదురు. కాని అచ్చట అర్జీ త్రోసివేసినచో కారణములను వ్రాతమూలముగా దెలుపవలెను. పరీక్ష జరిగిన 120 దినములలో నిర్ణయము రానిచో అర్జీదారు న్యాయస్థానము నాశ్రయింపవచ్చును.

మన చట్టపు పదునాల్గవ విభాగ మిట్టి యర్జీలను అంగీకరించుటకు గాని నిరాకరించుటకు గాని కారణము చెప్పనక్కర లేదని స్పష్టముగా బలుకుచున్నది. ఏడేండ్లు కాచి, పదిమారులు తిరిగి, ‘లేదు’ అను నొక్కమాటతో నింటికి మరలినవారు, ఏ లోపమును దిద్దుకొని మరల అర్జీ పెట్టవలెనో యెట్లు తెలియును? కారణము చెప్పని నిర్ణయము న్యాయమైనదే కావచ్చును. అది న్యాయమని నమ్ముటకు మాత్రము ఆధారము లేదు. పరప్రభుత్వపు కచేరీలలో నిట్టి మౌనమును మన పెద్దలు నిరసించిరి. స్వరాజ్యమున అది మంచిదగుటకు హేతువు కానరాదు.

ఇంతకంటె బాధాకరమైన విషయ మొకటి కలదు. మొదటి చట్టమునందు ‘వివాహమాడియుండిన’ వారికి సైతము చోటుండెను. 1986 సవరణయు ఆ మాటను నిలిపెను. 2003 నాటి సవరణలో ఆ మాట తొలగి, ‘వివాహితు లైన’ వారు మాత్రమే మిగిలిరి. ఆరవయేట భర్త మరణించినచో, ఆ వితంతువునకు ఈ మార్గము మూసికొనిపోవును. బిడ్డలు భారతీయులు, ఇల్లు భారతదేశమున, శ్మశానమున భర్త బూడిద యీ మట్టిలో గలిసినది. ఆమె మాత్రము పరదేశి. విధి చేసిన గాయముపై చట్టము కారము చల్లవలయునా?

మేము కోరునవి గొంతెమ్మ కోరికలు గావు. కావలసిన కాగితముల పట్టిక యంతయు మొదటి దినముననే తెలుగున వ్రాసి యిచ్చి, దానికి రసీదు నీయవలెను. వాయిదా దినమును ముందుగా దెలిపి, ఆ దినము విచారణ జరుగనిచో తిరుగు ప్రయాణపు ఖర్చును ప్రభుత్వమే భరింపవలెను. దూరపు తాలూకాలకు నెలకొకమారు అధికారియే వచ్చి విచారించు నేర్పాటు కావలెను. ప్రతి కచేరిలో నెన్ని దినములలో అర్జీ కదలవలెనో నియమించి, జాప్యమునకు సమాధానము చెప్పవలసినవాడెవడో నిర్ణయింపవలెను. నిరాకరణకు కారణము చూపవలెను. వితంతువులకు పూర్వపు హక్కును పునరుద్ధరింపవలెను. వీనిలో గడపటి రెండింటికి పార్లమెంటు చట్టమును సవరింపవలెను. తక్కినవానికి సంకల్పము చాలును.

కోడలు గృహలక్ష్మి యని మన మందుము. ఇల్లరికపు అల్లుని గూడ గౌరవముతోనే చూతుము. ఈ దేశమును తమ దేశముగా నెన్నుకొన్నవారు మనకు గౌరవము తెచ్చినవారు. పుట్టుకచే పౌరులమైన మనము అట్టి యెన్నిక యేమియు జేయలేదు. వారిని గుమ్మమున నిలిపి పరీక్షించుట తప్పు గాదు. ఏండ్ల తరబడి ఎండలో నిలిపి, లోపలికి రండనియు పొండనియు జెప్పకుండుట తప్పు. రాష్ట్రమునుండి పార్లమెంటునకు వెళ్లిన తెలుగు ప్రతినిధులు ఈ సంగతి నచ్చట లేవనెత్తుదురు గాక.