తీగలో రొదకి కోడు మందు కాదు

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, శని ఆదివారాల్లో గరాజ్‌లో మైక్రోకంట్రోలర్లతో ప్రయోగాలు చేసే తెలుగువాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేనూ ఆ బాపతే. మోటారు తిరగడం మొదలెట్టగానే సీరియల్ లైను మీద పిచ్చి అక్షరాలు వస్తే, మనవాళ్ళు ముందు చేసే పని కోడు తెరవడం. ఒక చెక్‌సమ్, తప్పొస్తే మళ్ళీ పంపమనే ఒక లూపు పెట్టి, సమస్య తీరిందనుకుంటారు. అది తీరలేదు, దాక్కుంది అని నా వాదన.

లెక్క చూడండి. గుర్తుపట్టలేనంతగా చెడిన ప్రతి 256 సందేశాల్లో సుమారు ఒకదాన్ని 8 బిట్ల చెక్‌సమ్ మంచిదనే నమ్ముతుంది. రొద పెరిగేకొద్దీ ఆ ఒక్కటి రావడానికి పట్టే కాలం తగ్గుతుంది. తెరమీద ఉష్ణోగ్రత ఒకసారి తప్పు పడితే ఫరవాలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీళ్ళ పంపు ఆన్ అయితే?

అసలు జబ్బు తీగల్లో ఉంది. మామూలు సీరియల్ లైనులో రిసీవరు వోల్టేజిని గ్రౌండుతో పోల్చి చదువుతుంది. మోటారు కరెంటు కూడా అదే గ్రౌండు తీగలో ప్రవహిస్తే ఆ కొలబద్దే కదిలిపోతుంది. 1,15,200 బాడ్ దగ్గర ఒక్కో బిట్ ఉండేది 9 మైక్రోసెకన్ల లోపే. అంతసేపు కుదుపు వస్తే చాలు, ఒకటి సున్నా అవుతుంది.

అందుకని ముందు మోటారు ఆపి చూడండి. అప్పుడూ తప్పులొస్తే బాడ్ రేటు సరిపోయిందా, రెండు బోర్డుల గ్రౌండ్లు కలిశాయా అని చూడాలి. ఆగిపోతే, మోటారు గ్రౌండు తీగని విడిగా పవర్ సప్లై దాకా లాగండి. డీసీ రిలే కాయిల్‌కి డయోడు పెట్టండి. సీరియల్ తీగని మోటారు తీగకి దూరంగా జరపండి. దూరం ఎక్కువైతే ఆర్‌ఎస్-485 వాడండి. అది మెలితిప్పిన రెండు తీగల మధ్య తేడాని చదువుతుంది కనుక రెండింటి మీదా సమానంగా పడ్డ రొద కొట్టుకుపోతుంది. తీగలు మెలితిప్పడం కొత్త కిటుకేమీ కాదు. టెలిఫోను లైన్ల కోసం గ్రాహం బెల్ 1881లోనే ఇక్కడ దానికి పేటెంటు తీసుకున్నాడు.

చెక్‌సమ్ వద్దని నేననను. కాని అది ఎన్ని తప్పులు పట్టిందో కోడు చేత లెక్క రాయించండి. చెక్‌సమ్ థర్మామీటరు లాంటిది, జ్వరం ఎంతో చెబుతుంది, తగ్గించదు. ఆ అంకె పెరుగుతూంటే కోడు మూసి స్క్రూడ్రైవరు తియ్యండి.