గుండె జబ్బుకు అలవాట్లే కారణమా?

2025 మే, జూన్ నెలల్లో కర్ణాటకలోని హాసన్ జిల్లా నుండి గుండెపోటు మరణాల వార్తలు ఒకదాని వెంట ఒకటిగా వెలువడ్డాయి. చిన్న వయసువారు సైతం నిలుచున్నచోటే కుప్పకూలిపోతున్నారన్న మాట సెల్‌ఫోన్ల ద్వారా ఊరూరా పాకింది. మైసూరు, బెంగళూరులలోని జయదేవ హృద్రోగ సంస్థ ఆసుపత్రుల ముందు పరీక్షల కోసం జనం బారులు తీరారు. కోవిడ్ టీకాయే ఇందుకు కారణమని కొందరు వాదించారు. ఈ ఆందోళన నేపథ్యంలో ఆ సంస్థ సంచాలకులు డాక్టర్ కె.ఎస్. రవీంద్రనాథ్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించింది. జూలైలో నివేదిక వచ్చింది. పరిశీలించిన 24 మరణాల్లో నాలుగు అసలు గుండెకు సంబంధించినవే కావని, జిల్లాలో గుండెపోట్లు అసాధారణంగా పెరిగిన దాఖలా లేదని సంఘం తేల్చింది. మధుమేహం, అధిక రక్తపోటు, పొగతాగడం వంటి పాత కారణాలే చాలామందిలో కనిపించాయి.

పుకారు చల్లారింది, వార్త మరుగున పడింది. అయితే ఆ నివేదికలోని ఒక అంశం సరిహద్దు గ్రామాలవారు ప్రత్యేకంగా గమనించదగినది. మృతుల్లో ఆటోలు, టాక్సీలు నడిపేవారు గణనీయ సంఖ్యలో ఉన్నారు. పావగడ, చింతామణి, ముళబాగిలు, హోసూరు ప్రాంతాల తెలుగు పల్లెల నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ బెంగళూరు వెళ్ళి బండి నడుపుతున్నవారు ఎందరో ఉన్నారు. అందుచేత ‘ఎందరు మరణించారు?’ అన్న ప్రశ్నతోపాటు ‘ఎటువంటి జీవనం గడిపేవారు మరణించారు?’ అన్న ప్రశ్నను కూడా మనం వేసుకోవలసి ఉన్నది.

సంపన్నుల వ్యాధి అన్న అపోహ

గుండె జబ్బు కూర్చుని తినేవారికి వచ్చేదని, చెమటోడ్చేవారి జోలికి అది రాదని మన పల్లెల్లో ఇప్పటికీ ఒక నమ్మకం ఉన్నది. ఈ నమ్మకం ఎంత పొరపాటో ఇరవై యేళ్ళ క్రితమే రుజువయింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాల్లో, అంటే యానాం పరిసర ప్రాంతంలోనే, ఏడాది పాటు సంభవించిన మరణాలను పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. 1,354 మరణాల్లో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల కలిగినవే. అంటువ్యాధుల కంటె ఇవే ముందు నిలిచాయి.

వయసు విషయంలోనూ మనకు ఊరట లేదు. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ పరిశోధన ప్రకారం దక్షిణాసియావారికి తొలి గుండెపోటు ఇతరుల కంటె సుమారు ఐదారేళ్ళు ముందుగానే వస్తున్నది. గుండెపోటు ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలు చాలునని ఆ పరిశోధన తేల్చింది. పొగాకు, చెడు కొవ్వు, అధిక రక్తపోటు, మధుమేహం, పెరిగిన పొట్ట, కూరగాయలు-పండ్లు తక్కువ తినడం, శరీర శ్రమ లోపించడం, మద్యపానానికి సంబంధించిన అలవాట్లు, వీటితోపాటు మానసిక ఒత్తిడి. చివరిదానిని మనం లెక్కలోకి తీసుకోవడమే లేదు. అప్పు, కుటుంబ కలహం, పని ఒత్తిడి ఇవన్నీ మనసుకు సంబంధించినవే కాని గుండెకు కావని అనుకుంటాము. గుండె ఆ తేడా ఎరుగదు.

అలవాటు వెనుక ఉన్న బతుకు

ఈ జాబితా చదివిన వెంటనే ‘బీడీ మానాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి’ అని ఉపదేశించడం తేలిక. ఆ ఉపదేశంలో తప్పు లేదు. కాని అలవాటు గాలిలో పుట్టదు. రోజుకు పద్నాలుగు గంటలు బండి నడిపే యువకునికి నిద్ర ముంచుకొస్తుంది. దానిని ఆపుకోవడానికి టీ, సిగరెట్టు, గుట్కా చేతికి అందుతాయి. వేళకు భోజనం దొరకదు, దొరికినచోట పదేపదే కాచిన నూనెలో వేగిన బజ్జీ దొరుకుతుంది. బండి కిస్తీ నెలనెలా కట్టక తప్పదు. హోసూరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేవారి నిద్ర ఎప్పటికీ కుదుటపడదు. వీరి అలవాట్లను తప్పుపట్టే ముందు వీరి పనివేళలను చూడాలి.

ఇంటి సంగతీ అంతే. టమోటా, బీన్సు పండించి కోలారు, మదనపల్లె మార్కెట్లకు పంపే రైతు ఇంట కూడా సరుకంతా అమ్మకానికే పోయి, పచ్చడితోనో ఊరగాయతోనో పూట గడిచే రోజులుంటాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది చిన్న చెంచాడు మాత్రమే. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, పొట్లాల్లో దొరికే చిరుతిళ్ళు కలిస్తే ఆ హద్దు తెలియకుండానే దాటిపోతాము. పేదకు ఉప్పు రుచి కోసం కాదు, కూర లోటు తీర్చడానికి అవసరమవుతున్నది.

సామాజిక స్థితికీ గుండెకూ గల సంబంధాన్ని లండన్‌లో 1967లో మొదలైన ‘వైట్‌హాల్’ అధ్యయనం స్పష్టంగా చూపింది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ళ తరబడి పరిశీలించగా, ఉన్నతాధికారుల కంటె అట్టడుగు శ్రేణి ఉద్యోగులలో గుండె జబ్బు మరణాలు మూడు రెట్లకు మించి నమోదయ్యాయి. అందరికీ జీతముంది, అందరికీ ఉచిత వైద్యముంది. పొగతాగడం, రక్తపోటు వంటివన్నీ లెక్కగట్టినా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. ఇదే ఉద్యోగులలో తరువాత జరిగిన అధ్యయనం మరొక కారణాన్ని ముందుకు తెచ్చింది. పని భారం నెత్తిన ఉండి, ఆ పనిపై తన మాట చెల్లని స్థితి గుండెను క్రమంగా దెబ్బతీస్తుంది. కూలీకి, డ్రైవరుకు, అప్పులపాలైన రైతుకు ఈ స్థితి కొత్త కాదు.

హద్దు గీత దగ్గర ఆగే వైద్యం

20 దేశాలలో సుమారు 1 లక్షా 60 వేల మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన మరొక అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. పేద దేశాలలో చదువు తక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి చదువుకున్నవారి కంటె రెండు రెట్లకు పైగా ఎక్కువ. విశేషమేమంటే, రక్తపోటు, పొగాకు వంటి ముప్పులు వారిలో అంత ఎక్కువగా లేవు. అందని వైద్యమే ఆ తేడాలో ప్రధానమైనది.

సరిహద్దు గ్రామాలలో ఈ లోటుకు మరి రెండు తోడవుతున్నాయి. మొదటిది భాష. ఇంట్లో తెలుగు; ఆసుపత్రిలో హోసూరువారికి తమిళం, బళ్ళారివారికి కన్నడం, రాయగడవారికి ఒడియా, సిరోంచవారికి మరాఠీ. బడి చదువు లేని పెద్దవారు తమ బాధను పరాయి భాషలో చెప్పవలసి వస్తుంది. ‘గుండెల్లో మంట’ అన్న మాట మనలో పులితేన్పుకూ చెల్లుతుంది, గుండెపోటుకూ చెల్లుతుంది. ‘గ్యాస్ పట్టింది’ అని మనమే తీర్పు చెప్పుకొని సోడా తాగి పడుకుంటాము. ఎడమచేతికి, దవడకు పాకే నొప్పి, చల్లని చెమట, ఛాతీపై బరువు పెట్టినట్లుండడం గుండెపోటు లక్షణాలు కావచ్చును. స్త్రీలలో ఛాతీనొప్పి అంతగా లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చును. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించిన తరువాత తన బాధ చెప్పుకునే ఇల్లాలు ఆసుపత్రికి చేరేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

రెండవది కార్డు. రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆయా రాష్ట్ర నివాసులకు ఉద్దేశించినవి. దగ్గరి ఆసుపత్రి గీతకు అవతల, కార్డు చెల్లే ఆసుపత్రి ఇవతల దూరాన ఉన్న ఊళ్ళు మనకు తెలిసినవే. గుండెపోటు వేళ ఎటు వెళ్ళాలన్న తర్జనభర్జనలోనే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ కార్డు దేశమంతటా జాబితాలోని ఆసుపత్రులలో చెల్లుతుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకం వర్తిస్తున్నది. ఇంట్లో అటువంటి పెద్దలుంటే కార్డు ముందే తీసుకొని ఉంచడం మంచిది.

మరొక సరిహద్దు జిల్లా పాఠం

పరిస్థితి మారదని నిరాశపడనక్కరలేదు. రష్యాను ఆనుకొని ఉన్న ఫిన్లాండ్ సరిహద్దు ప్రాంతం ఉత్తర కరేలియా. అక్కడివారు సేద్యం చేసేవారు, అడవిలో కలప కొట్టేవారు. కాయకష్టంలో ఎవరికీ తీసిపోరు. అయినా 1970 ప్రాంతంలో గుండె జబ్బు మరణాలలో ఆ ప్రాంతం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉండేది. వెన్న, ఉప్పు, పొగాకు అక్కడి జీవితంలో కలిసిపోయాయి. 1971లో ఆ ప్రాంత ప్రతినిధులే తమను ఆదుకోవలసిందని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు యువ వైద్యుడు పెక్కా పుస్కా నాయకత్వంలో ఒక కార్యక్రమం ఆరంభమయింది.

ఆయన ఆసుపత్రిలో కూర్చోలేదు. గృహిణుల సంఘాలతో కలిసి ఊరూరా కొత్త వంటలు చేయించారు. పొగ మానడంలో పోటీలు పెట్టారు. ఆహార తయారీదారులను ఒప్పించి కొవ్వు, ఉప్పు తగ్గింపజేశారు. వెన్నకు గిరాకీ తగ్గితే నష్టపోయే పాడి రైతులకు పండ్ల తోటల దారి చూపారు. నాలుగు దశాబ్దాలలో పనిచేసే వయసు పురుషులలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ‘నువ్వు మారు’ అని ఒంటరి మనిషికి చెప్పడంతో సరిపెట్టక, ఊరు మారే వీలు కల్పించడమే ఈ విజయ రహస్యం.

మన ఊళ్ళలో చేయదగినది

మన దగ్గరా ఆశాజనకమైన అడుగులున్నాయి. ఇంటి వద్దకే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే తమిళనాడు పథకం 2021 ఆగస్టు 5న ఆరంభమైనది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. మాత్ర కోసం ఒక రోజు కూలీ పోగొట్టుకోవలసిన అగత్యాన్ని అది తప్పించింది. గుండెపోటు వచ్చినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తొలి మాత్రలిచ్చే ఏర్పాటు ఆ రాష్ట్రంలో 2023లో జరిగింది. 2021లో 46 ఏళ్ళకే కన్నుమూసిన నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేరిట కర్ణాటక ప్రభుత్వం తాలూకా ఆసుపత్రులలో రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షనును ఉచితంగా ఇచ్చే పథకం చేపట్టింది. ఇవి ఉన్నాయన్న సంగతి తెలుగు కుటుంబాలకు తెలుగులో తెలియాలి.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఛాతీనొప్పి వస్తే ముందుగా ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, అక్కడ ఏ చికిత్స దొరుకుతుందో పంచాయతీవారు విచారించి, 108 నంబరుతో సహా రెండు భాషల్లో గోడమీద రాయించవచ్చును. ఆశా కార్యకర్త చెప్పే మాటలను స్వయం సహాయక సంఘాల సమావేశంలో తెలుగులో వివరించవచ్చును. నగరానికి వెళ్ళిన బిడ్డ పండుగకు వచ్చినప్పుడు సంపాదనతోపాటు నిద్ర, తిండి, పొగాకు సంగతీ అడిగి, ముప్పై దాటితే బీపీ, షుగరు చూపించవచ్చును. ‘ఒంట్లో బాగానే ఉంది’ అని బీపీ మాత్ర మానేసేవారికి, బాగుండడం ఆ మాత్ర వల్లనేనని నచ్చజెప్పవచ్చును. రెండు భాషలు చదవగలిగిన పిల్లలు ఇంట్లోని పెద్దల మందుల చీటీ చదివి, ఏ మాత్ర ఏ పూటకో తెలుగులో రాసి పెట్టవచ్చును. ఆ పని నేర్పవలసిన బాధ్యత మా ఉపాధ్యాయులది.

అలవాట్లు కారణం కావని ఎవరూ అనరు. కాని బీడీ ముట్టించే చేతిని మాత్రమే తిట్టి, ఆ చేతికి విశ్రాంతి లేకుండా చేసిన పనిని, అప్పును, అందని వైద్యాన్ని వదిలివేస్తే జబ్బు సగమే కనబడుతుంది. మిగిలిన సగాన్ని చూడవలసినది కుటుంబం, ఊరు, ప్రభుత్వం. పనివేళలకు చట్టం కట్టిన హద్దు అమలు కావాలని కోరడం, గీతకు ఇరువైపులా అత్యవసర చికిత్సకు ఏ కార్డయినా చెల్లాలని అర్జీ పెట్టడం కూడా గుండెను కాపాడుకునే మార్గాలే. నిపుణుల కోసం ఎదురుచూడక కరేలియా ప్రజలు ముందుగా చేసిన పని అర్జీ పెట్టడమే. రాబోయే గ్రామసభలో ఈ విషయాన్ని చర్చకు తేవలసిందిగా సరిహద్దు గ్రామాల పెద్దలను కోరుతున్నాను.