వైర్‌లెస్ చార్జింగ్: సౌకర్యం కొంత, వృథా ఎంత?

ఇంతకాలం ఖరీదైన ఫోన్లకే పరిమితమైన వైర్‌లెస్ చార్జింగ్ ఇప్పుడు మధ్యతరగతి కొనే ఫోన్లలోకీ దిగుతోంది. 2024 ఏప్రిల్‌లో ఇన్ఫినిక్స్ సంస్థ ‘నోట్ 40 ప్రో’ ఫోన్‌ను ఈ సదుపాయంతో 22 వేల రూపాయల లోపు ధరకే మన దేశంలో విడుదల చేసింది. ఇంకా చవక ఫోన్లకూ ఇది రావచ్చు. వైర్‌లెస్ ఉంటే మేలైన ఫోన్, లేకపోతే నాసిరకం అన్న భావన కొనేవారిలో పాతుకుపోకముందే దీని మంచిచెడులు తూచి చూడాలి. ఆ పని కంపెనీల ప్రదర్శన వేదికల మీద కాకుండా శ్రీముఖలింగం లాంటి ఊళ్లో చేస్తే లెక్క తేటగా తేలుతుంది.

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమగట్టున ఉన్న ఊరిది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వరుణ్ని చూడడానికి శివరాత్రికి ఒడిశా నుంచి కూడా జనం తరలివస్తారు. ఈ చుట్టుపక్కల ఊళ్లకు వలస కొత్త కాదు. పనుల కోసం హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లినవారు, చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లిన తీరగ్రామాల మగవాళ్లు ఇంటితో మాట్లాడేది ఫోన్‌లోనే. కూలి డబ్బులు పడ్డాయని తెలిసేది, పథకాలకు ఓటీపీ వచ్చేది, తుపాను హెచ్చరిక అందేది కూడా అందులోనే. చాలా ఇళ్లలో మంచి ఫోన్ ఒక్కటే ఉంటుంది, అదే ఇంటిల్లిపాదికీ దిక్కు. అలాంటి ఫోన్‌కు చార్జింగ్ త్వరగా ఎక్కాలి, తక్కువ కరెంటుతో ఎక్కాలి. బ్యాటరీ నాలుగేళ్లు మన్నాలి. పాడైతే దగ్గరి పట్నంలోనే బాగవ్వాలి. ఈ నాలుగు అవసరాల్లో ఒక్కటీ వైర్‌లెస్ చార్జింగ్ మెరుగుపరచదు. నాలుగింటినీ ఎంతో కొంత దెబ్బతీస్తుంది.

తీగ ఎక్కడికీ పోలేదు

దీని వెనక ఉన్న సూత్రం పాతదే. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. చార్జింగ్ ప్యాడ్‌లో ఒక రాగి తీగచుట్ట, ఫోన్ వెనక మరో తీగచుట్ట ఉంటాయి. మొదటి చుట్టలో వేగంగా దిశ మారే కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం దీనికి ‘చి’ అనే ప్రమాణాన్ని తెచ్చింది. 2012లో నోకియా లూమియా 920, 2015లో శాంసంగ్ గెలాక్సీ ఎస్6, 2017లో ఐఫోన్ 8, ఐఫోన్ టెన్ ఈ ప్రమాణంతో వచ్చాయి. మొదట 5 వాట్లతో మొదలై తర్వాత 15 వాట్లకు చేరింది. అయస్కాంతాలతో ఫోన్‌ను సరైన చోట పట్టి ఉంచే కొత్త ప్రమాణం 2023లోనూ, దాని 25 వాట్ల రూపం 2025లోనూ వచ్చాయి.

ఇంత ప్రయాణం తర్వాత కూడా ప్యాడ్‌ను గోడ ప్లగ్గుకు కలిపే తీగ అలాగే ఉంది. ఫోన్‌కు పెట్టాల్సిన వైరును ప్యాడ్‌కు పెడుతున్నామంతే. పైగా వైరు పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడవచ్చు, చేతిలో పట్టుకుని చూడవచ్చు. అయస్కాంతాలు లేని ప్యాడ్ మీద నుంచి ఫోన్ ఎత్తితే చార్జింగ్ ఆగిపోతుంది. రాత్రి వైబ్రేషన్‌కు ఫోన్ కాస్త జరిగితే తెల్లారేసరికి బ్యాటరీ నిండదు.

వంశధార కాలువలో తూము దగ్గర వదిలిన నీరంతా శివారు పొలానికి చేరదని ఇక్కడి రైతుకు చెప్పనక్కర్లేదు. దారిలో ఇంకిపోయేది, గట్టు తెగి పారిపోయేది పోను మిగిలిందే పొలం తడుపుతుంది. రెండు తీగచుట్టల మధ్య కరెంటుకూ ఆ గతే పడుతుంది. ఎడం పెరిగినకొద్దీ, చుట్టలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోనికొద్దీ ప్యాడ్ తీసుకున్న కరెంటులో బ్యాటరీకి చేరేది తగ్గి, వేడిగా పోయేది పెరుగుతుంది. మందపాటి కవరు వేసినా ఇదే జరుగుతుంది. మనవాళ్లు ఫోన్ కవరు వెనక మడిచిన నోటు, దేవుడి పటం, ఏటీఎం కార్డు దాచుకుంటారు. మధ్యలో నాణెమో లోహపు రేకో ఉంటే అది వేడెక్కుతుంది. అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డు పాడైపోవచ్చు.

కరెంటు లెక్క

2020లో అమెరికాలో ఒక టెక్నాలజీ పత్రిక కోసం గూగుల్ పిక్సెల్ 4 ఫోన్‌ను రెండు పద్ధతుల్లో చార్జ్ చేసి కొలిచారు. తీగతో నింపడానికి 14.26 వాట్-అవర్లు ఖర్చయితే, వైర్‌లెస్‌గా నింపడానికి సగటున 21.01 వాట్-అవర్లు పట్టింది. అంటే 47 శాతం అదనం. అన్ని ఫోన్లకూ, అన్ని ప్యాడ్లకూ ఇదే అంకె వర్తించదు. అయస్కాంతాలతో అమరే కొత్త ప్యాడ్లలో నష్టం తగ్గుతుంది. అయినా ఏ ప్యాడ్ కూడా వైరుతో సమానం కాలేదు.

దీన్ని మన ఇంటి లెక్కలోకి తెచ్చుకుందాం. ఇప్పటి ఫోన్లలో మామూలుగా ఉండే 5 వేల ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు. తీగతో నింపితే గోడ దగ్గర 22, 23 వాట్-అవర్లు ఖర్చవుతాయి. దాని మీద 47 శాతం కలిపితే 33 అవుతుంది. రోజూ ఒకసారి నింపే ఫోన్‌కు ఏడాదికి దాదాపు 4 యూనిట్లు అదనంగా పోతాయన్నమాట. ఒక ఇంటి బిల్లులో ఇది కనబడదు. కంపెనీలకు కలిసొచ్చేది ఇదే. కానీ కోటి ఫోన్లకు లెక్కిస్తే ఏడాదికి 4 కోట్ల యూనిట్లు. విశాఖ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో 20 గంటలు నడిస్తే వచ్చే కరెంటు అంతా ఇంత. అందుకోసం యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున చూసినా 28 వేల టన్నుల బొగ్గు కాలాలి.

బొగ్గు కరెంటు వెల ఎంతో ఈ జిల్లాకు బాగా తెలుసు. 2010 జులై 14న సోంపేటలో, బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఈమధ్య శ్రీముఖలింగానికి ఎంతో దూరం లేని సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో థర్మల్ కేంద్రం ప్రతిపాదన వస్తే ఆదివాసీ గ్రామాలు వ్యతిరేకించాయి. మన దేశంలో పుట్టే కరెంటులో 70 శాతానికి అటూఇటూగా ఇప్పటికీ బొగ్గుదే. తమ భూమి కోసం ప్రాణాలిచ్చిన ఊళ్లున్న నేల మీద, ఒక చిన్న పిన్ను గుచ్చే శ్రమ తప్పించుకోవడానికి కరెంటును వేడిగా వదిలేయడం చిన్న తప్పు అనిపించుకోదు.

రేకుల ఇంటి వేడిలో బ్యాటరీ

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చేసిన పరీక్షలో, తీగతో చార్జ్ చేసిన ఫోన్ సగటు వేడి 27 డిగ్రీల సెల్సియస్ దాటలేదు. ప్యాడ్ మీద సరిగ్గా పెట్టిన ఫోన్ 30.5 డిగ్రీలకు చేరి తర్వాత చల్లబడింది. ప్యాడ్ మీద పక్కకు జరిగిన ఫోన్ అంత వేడికీ ముందే చేరింది. సరిగ్గా పెట్టిన ఫోన్ ఆ వేడిలో 55 నిమిషాలే ఉంటే, ఇది 125 నిమిషాలు అలాగే ఉంది.

మూడు, నాలుగు డిగ్రీల తేడా చల్లటి ప్రయోగశాలలో పెద్దది కాకపోవచ్చు. వేసవిలో మన ఇళ్ల సంగతి వేరు. గది వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే హెచ్చరిస్తోంది. మే నెల మధ్యాహ్నం సిమెంటు రేకుల ఇంట్లో ఆ హద్దు దాటడం మామూలే. ఉక్కపోతలో ఫ్యాను గాలి కూడా చాలని ఇంట్లో ఫోన్ అప్పటికే హద్దు మీద ఉంటుంది. దాని మీద ప్యాడ్ వేడి తోడైతే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ నెమ్మది చేస్తుంది, లేదా ఆపేస్తుంది. ఇలా రోజూ వేడెక్కే బ్యాటరీ నాలుగేళ్లకు బదులు రెండేళ్లకే నీరసించవచ్చు. ఫోన్ మార్చే స్తోమత ఉన్నవారికి ఇది చిరాకు. వాయిదాల మీద ఫోన్ కొన్నవారికి ఇది అప్పు.

తుపాను వచ్చిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. వేల కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లో జనరేటర్ ఉన్న చోటు వెతుక్కుని ఫోన్‌కు నాలుగు గీతల చార్జింగ్ ఎక్కించుకోవడం ఉత్తరాంధ్ర తీరానికి అనుభవమే.

అప్పుడు కరెంటు దొరికే సమయమూ తక్కువే, దొరికే కరెంటూ తక్కువే. 15 వేల రూపాయల లోపు ఫోన్లే ఇప్పుడు వైరుతో 33, 45 వాట్లు తీసుకుంటున్నాయి. అరగంట కరెంటు వస్తే సగం బ్యాటరీ నిండుతుంది. 15 వాట్ల ప్యాడ్ మీద అదే అరగంటలో ఎక్కేది కొద్దే. పవర్ బ్యాంకు సంగతీ అంతే. 10 వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు వైరుతో 5 వేల ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకసారి నింపి ఇంకా కొంత మిగుల్చుకుంటుంది. వైర్‌లెస్ పద్ధతిలో ఆ ఒక్కసారి నింపడానికే అది చాలకపోవచ్చు. తుపాను రోజు ఆ మిగిలే కొంతే గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు బతికే ఉన్నామన్న కబురు చేరుస్తుంది.

ఫోన్ ధరలో దాగిన ఖర్చు

వైర్‌లెస్ చార్జింగ్ కావాలంటే ఫోన్ వెనక రాగి చుట్ట, దాని కింద ఫెర్రైట్ పొర, వేరే సర్క్యూట్ ఉండాలి. ఆ చోటు బ్యాటరీది. దాన్ని ఇవి ఆక్రమిస్తాయి, లేదంటే ఫోన్ మందం పెరుగుతుంది. లోహపు వీపు అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకుంటుంది కనుక అక్కడ గాజో ప్లాస్టిక్కో పెట్టాలి. ఖరీదైన ఫోన్లు చాలావరకు గాజువైపే మొగ్గాయి. పొలం గట్టు మీద జేబులోంచి జారిన గాజు ఫోన్ పగలడానికి ఎంతోసేపు పట్టదు. తీగచుట్ట అంటుకుని ఉన్న వెనక గాజు మార్చడం నరసన్నపేటలోనో టెక్కలిలోనో ఉన్న సెల్ షాపులో తేలికైన పని కాదు. విడిగా కొనాల్సిన ప్యాడ్ 1,500 రూపాయలు అనుకున్నా, 2025–26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు కనుక అది దాదాపు అయిదు రోజుల చెమట.

గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారికి ఇంకో జాగ్రత్త ఉంది. అయస్కాంతాలున్న ఫోన్‌ను, చార్జర్‌ను పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో, వైర్‌లెస్‌గా చార్జ్ అవుతుంటే 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని ఆపిల్ సూచిస్తోంది. ఆ మాట షాపులో చెప్పేవారు అరుదు.

పరిశ్రమకు ఈ పరిమితులు తెలియనివి కావు. ఒకేసారి మూడు పరికరాలను చార్జ్ చేసే ఎయిర్‌పవర్ ప్యాడ్‌ను 2017 సెప్టెంబరులో ఘనంగా ప్రకటించిన ఆపిల్, తమ ప్రమాణాలకు అది అందలేదంటూ 2019 మార్చిలో రద్దు చేసుకుంది. వన్‌ప్లస్ సంస్థ వైరుతోనే వేగం ఎక్కువంటూ చాలాకాలం దూరంగా ఉండి, 2020లో గానీ వైర్‌లెస్ జోలికి వెళ్లలేదు.

ఎవరికి మేలు

దీనివల్ల మేలు పొందేవారూ ఉన్నారు. చేతులు వణికే పెద్దవాళ్లకు, చూపు మందగించినవారికి సన్నని పిన్ను గుచ్చడం కష్టం. వారికి ప్యాడ్ నిజంగా ఆసరా. బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో ఉప్పుగాలికి, తడికి చార్జింగ్ పిన్ను తుప్పు పట్టడం కూడా నిజమే. పిన్ను చెడిన ఫోన్‌కు వైర్‌లెస్ రెండో దారి అవుతుంది. అయితే చాలా ఫోన్లలో చార్జింగ్ బోర్డు చిన్న భాగం. సెల్ షాపులో కొన్ని వందల రూపాయలకు మార్చేస్తారు. ఆ పిన్నును తడికి, తుప్పుకు తట్టుకునేలా, సులువుగా మార్చుకునేలా తయారుచేయడం అందరికీ పనికొచ్చే మెరుగుదల. అవసరమైనవారికి వైర్‌లెస్ ఉండనివ్వండి. దాన్ని అందరి నెత్తిన రుద్దడమే తప్పు.

అంతకన్నా పెద్ద ప్రమాదం పోర్టే లేని ఫోన్. 2019 జనవరిలో చైనా కంపెనీ మెయిజు పోర్టులేవీ లేని ‘జీరో’ ఫోన్‌ను ప్రకటించింది. జనం డబ్బు పెట్టి ముందుకు రాకపోవడంతో అది నిలవలేదు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. పోర్టు పోతే ఫోన్ చెడిన రోజు అందులోని ఫొటోలు, కాగితాలు బయటికి తీయడం కూడా కష్టమవుతుంది.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి, వైరుతో చార్జ్ అయ్యే కొత్త ఫోన్లకు టైప్-సి పోర్టును తప్పనిసరి చేసింది. చైనా 2024 సెప్టెంబరు నుంచి వైర్‌లెస్ చార్జర్ల శక్తిని 80 వాట్లకు పరిమితం చేసింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సికి ప్రమాణాన్ని ప్రచురించింది. దాన్ని పక్కాగా అమలు చేయాలి. మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌కూ వైరు పెట్టే దారి ఉండి తీరాలని చట్టం చెప్పాలి. ఫ్యాన్లకు, ఫ్రిజ్‌లకు నక్షత్రాల గుర్తు వేసే ఇంధన సామర్థ్య బ్యూరో చార్జింగ్ ప్యాడ్లనూ ఆ పరిధిలోకి తేవాలి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం బ్యాటరీకి చేరుతుందో పెట్టె మీద తెలుగులో కూడా ముద్రించాలి. పేస్‌మేకర్ హెచ్చరికనూ అక్కడే వేయాలి. కొనేవారు చేయగలిగిందీ ఉంది. ఒకే ధరకు రెండు ఫోన్లు ఎదురుగా ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ, గట్టి వీపు, ఎక్కువ ఏళ్ల సాఫ్ట్‌వేర్ హామీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. శ్రీముఖలింగంలోని ఇంటికి నిజంగా అక్కరకొచ్చే గుణాలు అవే. కంపెనీలు పోటీ పడాల్సింది వాటి మీదే.